చిన్న పడవలకు విద్యుత్ మోటార్లు

తెడ్డుతోనో గడతోనో, మనుష్యుని భుజబలముచేత నడచుచుండిన దోనె, నాటుపడవ, పుట్టి మొదలగు చిన్న జలయానములకు, బ్యాటరీయందు నిలువచేసిన విద్యుచ్ఛక్తితో తిరుగు మోటారును తగిలించి, దాని కొనయందు నీటిలో మునిగియుండు ప్రొపెల్లరుచేత పడవను నడిపించు విధానము ఈ వ్యాసమునకు విషయము. పాశ్చాత్యదేశములలో కెనూ యని పిలువబడు, రెండు కొనలును సూదిగా నుండు సన్నని పొడవైన పడవకును, కొల్లేటి పల్లెలలో తాటిమ్రాను తొలిచి చేసికొను దోనెకును ఆకృతియందు దగ్గరి చుట్టరికము కలదు. కావున కెనూలకు మోటార్లు అమర్చుటలో ఇతరదేశములవారు గడించిన అనుభవము మన దోనెలకును చాలవఱకు వర్తించును. అయితే చిన్న పడవకు విద్యుత్తువలన కలుగు లాభమును వేగముతో కొలువరాదు. నీటిని మలినపఱుపకుండుట, చప్పుడు లేకుండుట, అడుగులో అడుగుగా నెమ్మదిగా నడచుటకు లొంగుట, ఇవియే దాని ముఖ్యగుణములు. పడవను దింపబోవు నీరు ఎట్టిదో తెలిసినగాని ఈ గుణముల విలువ తెలియదు గనుక, ముందుగా మైలార్‌దేవ్‌పల్లి పరిసరములను ఉదాహరణగా తీసికొందము.

మైలార్‌దేవ్‌పల్లి పరిసర జలాశయములు

హైదరాబాదు నగరపు దక్షిణపుటంచున, ఆరాంఘరు కూడలికిని చాంద్రాయణగుట్టకును నడుమ నున్న మైలార్‌దేవ్‌పల్లి, నేడు కాటేదాను పారిశ్రామికవాడలోని రేకుల షెడ్లకును, శంషాబాదు దిశగా సాగు వాహనముల రద్దీకిని పేరువడియున్నను, ఈ ప్రాంతపు నైసర్గికస్వరూపమును తీర్చినవి చెరువులే. పల్లెచెరువు, కాటేదానులోని నూర్ మహమ్మద్ కుంట, గగన్‌పహాడ్ దగ్గరి అప్పచెరువు, వీటికి పడమటగా సముద్రమువలె పఱచుకొన్న హిమాయత్‌సాగర్, ఇవన్నియు కొద్ది కిలోమీటర్ల దూరములోనే యున్నవి. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనదికి వచ్చిన వఱద నగరమును ముంచి వేలమందిని పొట్టనబెట్టుకొనగా, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనదియైన ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియైనవి. హిమాయత్‌సాగర్ నిండు నీటిమట్టము 1763.5 అడుగులు, వఱదను వదలుటకు 17 గేట్లు కలవు. వఱదను ఆపుటయు, నగరమునకు త్రాగునీరిచ్చుటయు అను రెండు ప్రయోజనములకై కట్టబడిన ఈ జలాశయముల రక్షణార్థము 1996 మార్చి 8న వెలువడిన 111వ ప్రభుత్వోత్తర్వు, వీటి చుట్టును 10 కిలోమీటర్లలోపల పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించెను. 2022లో ఆ నిబంధనలు సడలింపబడుటయు, దానిపై చర్చ జరుగుటయు పాఠకులెఱిగినదే.

ఇట్టి నీటిలో పెట్రోలు ఇంజను తిరుగుట ఎంతమాత్రము తగదని ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయము. పాతకాలపు రెండు స్ట్రోకుల ఇంజను తాను త్రాగిన ఇంధనములో నాలుగవ వంతు వఱకు మండింపకయే, అందు కలిపిన నూనెతోసహా, పొగగొట్టముద్వారా నీటిలోనికి వదలును. నీటిపై ఇంద్రధనుస్సువలె మెఱయు ఆ పలుచని పొర కంటికి అందముగా కనిపించినను, నీటికి గాలి సోకకుండ చేసి చేపపిల్లలకు హాని కలిగించును. నూర్ మహమ్మద్ కుంట పరిశ్రమల వ్యర్థములచేత ఏ దశకు వచ్చినదో చూచినవారు, హిమాయత్‌సాగర్‌నందు ఒక చుక్క నూనెనైనను సహింపలేరు. విద్యుత్ మోటారునకు ఇంధనపు ట్యాంకు లేదు, పొగగొట్టము లేదు, ఒలికిపోవునది లేదు. త్రాగునీటి జలాశయములకు దానిని మించిన యంత్రము ఇంతవఱకు లేదు. అయినను, ఈ జంట జలాశయములు జలమండలి అధీనమునందున్నవి గనుక, ఎంత నిర్మలమైన మోటారైనను సరే, వారి అనుమతి లేనిదే నీటిలో దింపరాదు. ఇదికాక, 1917 నాటి పాత శాసనమునకు మాఱుగా వచ్చిన 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము యంత్రముతో నడచు పడవలకు నమోదును విధించియున్నది. తెడ్డుపడవకు మోటారు తగిలించినవాడు తన పడవ చట్టదృష్టిలో ఏ తరగతిలోనికి మాఱినదో ముందుగా విచారించుకొనుట మేలు.

పూర్వచరిత్ర

విద్యుత్తుతో పడవ నడుపుట పెట్రోలు ఇంజనుకంటె చాల పాతది. రష్యాదేశమున సెయింట్ పీటర్స్‌బర్గు నగరములో మోరిట్జ్ హెర్మన్ యాకోబి అను శాస్త్రజ్ఞుడు 1838, 1839 సంవత్సరములలో నీవానదిపై, సుమారు 24 అడుగుల పడవను బ్యాటరీ శక్తితో నడిపి పదునలుగురిని విహరింపజేసెను. 1839 నాటి బ్యాటరీలలో వినియోగించినవి జింకు, ప్లాటినము; ఖర్చు దుర్భరము; తిరిగి నింపుటకు వీలులేదు. 1859లో గాస్టన్ ప్లాంటే సీసపు బ్యాటరీని కనిపెట్టి ఆ లోపమును తీర్చెను. 1881లో గుస్తావ్ త్రూవే పారిస్ నగరమున సేన్ నదిపై సుమారు 5 మీటర్ల పడవను నడిపిన విధానము మన విషయమునకు మిక్కిలి దగ్గరిది. ఏలయన, అతడు మోటారును చుక్కానికే బిగించి, ఆ రెండింటిని కలిపి పడవనుండి ఊడదీయుటకు వీలుగా చేసెను. నేటి ఔట్‌బోర్డు మోటార్లకెల్ల మూలరూపము అదియే. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచప్రదర్శనమునందు 55 విద్యుత్ పడవలు పది లక్షలకు పైబడిన జనమును కాలువలపై త్రిప్పినవి. పిమ్మట 1909లో ఓలే ఎవిన్రూడ్ పెట్రోలు ఔట్‌బోర్డును బజారులో పెట్టుటతో విద్యుత్ పడవలు వెనుకబడినవి. 1934లో అమెరికాలోని ఫార్గో పట్టణమున ఓ.జి. ష్మిట్ అనునతడు ఫోర్డు కారును స్టార్టు చేయు మోటారును తీసి, దానికి పొడవైన కడ్డీని, ప్రొపెల్లరును తగిలించి, చేపలు పట్టువారికై నెమ్మదిగా నడచు యంత్రమును చేసెను. మిన్ కోటా అను పేరుతో అది నేటికిని ప్రసిద్ధము. లిథియం బ్యాటరీ వచ్చిన తరువాత 2005లో జర్మనీలో స్థాపితమైన టార్కీడో సంస్థ మొదలుగా అనేకులు ఈ మార్గమును విశాలము చేసిరి. మనదేశమున 2017 జనవరిలో కేరళలోని వైకోమ్–తవణక్కడవు రేవుల నడుమ 75 మంది ఎక్కు ‘ఆదిత్య’ అను సౌరశక్తి పడవ నడచుట మొదలిడినది. 2023 ఏప్రిల్‌లో కొచ్చి వాటర్ మెట్రో వచ్చినది. పెద్ద పడవలకు కలిగిన ఈ భాగ్యము మన చెరువులలోని చిన్న పడవలకు ఇంకను అంతగా అందలేదు.

పడవ స్వభావమును తెలిసికొనుట

మోటారు కొనుటకు ముందు పడవ ఎంతవఱకు వేగముగా పోగలదో తెలియవలెను. నీటిని చీల్చుకొని పోవు ఏ పడవయైనను తన ముందొక అలను, వెనుకొక అలను పుట్టించును. వేగము పెరిగినకొలది ఆ అల పొడవు పెరిగి, చివరకు పడవ పొడవుతో సమానమగును. అప్పటినుండి పడవ తన అలను తానే ఎక్కవలసిన దురవస్థలో పడును. నీటిలో 5 మీటర్ల పొడవుండు పడవకు ఈ హద్దు సుమారు గంటకు 10 కిలోమీటర్లు. దాని దరిదాపులకు పోవుటకైనను శక్తి విపరీతముగా కావలసియుండును. ఏలయన నీటిలో పడవను నడపుటకు కావలసిన శక్తి ఇంచుమించుగా వేగపు ఘనమును అనుసరించి పెరుగును. ఒక ఉదాహరణ చూతము. ఇద్దఱు కూర్చుండిన దోనెవంటి పడవ గంటకు 5 కిలోమీటర్ల వేగముతో పోవుటకు బ్యాటరీనుండి రమారమి 200 వాట్లు తీసికొనుననుకొందము. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల లిథియం బ్యాటరీలో సుమారు 1280 వాట్-గంటలుండును. అందులో 1000 వాడుకొన్నచో 5 గంటలు నడచి, 25 కిలోమీటర్లు పోవచ్చును. అదే పడవను గంటకు 7 కిలోమీటర్ల వేగముతో నడిపినచో 550 వాట్లు కావలెను. బ్యాటరీ రెండుగంటలైన రాదు. 13 కిలోమీటర్లు దాటకముందే తెడ్డు చేతబట్టవలసివచ్చును. రెండు కిలోమీటర్ల అదనపు వేగమునకు దూరములో సగము చెల్లించుట ఎవరికిని లాభసాటి గాదు. నిదానముగా తెడ్డువేయు మనిషి ఎడతెగక ఇయ్యగల శక్తి 75 నుండి 100 వాట్లు మాత్రమేయని తెలిసినచో, 200 వాట్ల మోటారు ఇద్దఱు అలయని పనివారితో సమానమని తేలును. ఎక్కువ శక్తిగల మోటారు కొని పడవ నీటిలో మూతి పైకెత్తి వగర్చుచుండగా చూచుటకంటె, చిన్న మోటారును కొని దూరము పోవుట తెలివి.

చిన్న మోటార్లను అంగడులలో హార్సుపవరుతోగాక, కదలకుండ కట్టివేసిన పడవను అది ఎన్ని పౌండ్ల బలముతో నెట్టునో దానితో కొలిచి అమ్ముదురు. 30 పౌండ్ల మోటారు పూర్తి వేగమున 12 వోల్టులవద్ద సుమారు 30 ఆంపియర్లు లాగును. 55 పౌండ్లది 50 ఆంపియర్లు. ఒంటరి మనిషి దోనెకు 30 పౌండ్లు చాలును. వలలు, చేపల బుట్టలు, ఇద్దఱు మనుషులు ఉండు నాటుపడవకు 55 పౌండ్లు మించనక్కఱలేదు. చౌకరకపు మోటార్లలో బొగ్గు బ్రష్‌లుండును. అవి అరిగినప్పుడు మార్చుకొనవలెను. వాటిలో వేగమును తగ్గించుటకు నిరోధపు చుట్టలను వాడుదురు గనుక, తక్కువ వేగమునందు తీసికొన్న విద్యుత్తులో కొంత వేడిగా వృథాపోవును. బ్రష్‌లు లేనివి ఖరీదైనవి. అయినను వాటి నియంత్రకము విద్యుత్తును తునకలు తునకలుగా పంపి వేగమును తగ్గించును గనుక, నెమ్మదిగా నడపువారికి బ్యాటరీ ఎక్కువసేపు వచ్చును. మన పని నెమ్మదిపనియే గనుక ఆ ఖరీదు కొద్దికాలములోనే రాబట్టుకొనవచ్చును.

అమరిక

వెనుకభాగము పలకగా కోసినట్లుండు నాటుపడవకు మోటారు అమర్చుట సులభము. ఆ పలకకు క్లాంపు మరలను బిగించిన చాలును. రెండు కొనలును సూదిగానుండు దోనెకు అట్టి పలక లేదు. దానికై, నడపువాని పీటకు కొంచెము వెనుకగా, రెండు అంచులను కలుపుచు అడ్డముగా నొక టేకుపలకను పఱచి, యు-బోల్టులతో బిగించి, దాని కొన ఒక ప్రక్క పడవ అంచునుండి జానెడు బయటికి వచ్చునట్లు చేసి, ఆ కొనకు మోటారును తగిలింపవలెను. కాటేదానులోని ఏ వెల్డింగు షాపునందైనను ఇనుప గొట్టములతో ఇట్టి చట్రమును చేయించుకొనవచ్చును. కాని చట్రము పడవ అంచును కొఱుకకుండ నడుమ రబ్బరు ముక్క పెట్టుట మఱువరాదు. క్లాంపు మరలు ప్రకంపనముచేత వదులగుట సహజము. అందువలన మోటారు మెడకు ఒక బలమైన తాడు కట్టి, దాని రెండవ కొనను పడవకు ముడివేయవలెను. ఈ తాడు లేని కారణముచేతనే చెరువు అడుగున చేరిన మోటార్లు అనేకము.

మోటారు ఎడమ ప్రక్కన నున్నచో పడవ ముక్కు కుడికి తిరుగ చూచును. కుడిప్రక్కన నున్నచో ఎడమకు. పిడిని కొద్దిగా త్రిప్పి ఉంచి దీనిని సరిచేయుదురు. చక్కగా పోవుటకు పిడి ఎంత త్రిప్పియుండవలెనో మొదటిసారి నీటిలో దిగినప్పుడే గుర్తించి, ఆ చోట ఒక గీత గీసికొన్నచో తరువాత కష్టముండదు. ప్రొపెల్లరు పైరెక్క నీటిమట్టమునకు జానెడు లోతున ఉండవలెను. అంతకు తక్కువైనచో అది గాలిని పీల్చి, నెట్టుట మాని, ఊరక గిరగిర తిరుగును. అంతకు మిక్కిలి లోతైనచో మన చెరువులలో అపాయము వేఱొకటి: దక్కను పీఠభూమి గ్రానైటు గుండ్లు నీటిమట్టమునకు కొద్ది దిగువన కనబడక దాగియుండును. వేసవిలో నీరు తీసినప్పుడు గట్టునుండి ఆ గుండ్ల తావులను చూచియుంచుకొన్నవాడు వానకాలమున మోటారును పగులగొట్టుకొనడు. గణేశ నిమజ్జనము జరుగు చెరువులలో బొమ్మల ఇనుపచువ్వలు బురదలో నిలువుగా నాటుకొని యుండుటయు నెఱిగియుండవలెను.

పుట్టి సంగతి ప్రత్యేకము. వెదురుతో గుండ్రముగా అల్లి, తారుపూసిన పట్టాతో కప్పిన ఈ పడవకు ముందు వెనుకలు లేవు, నీటిని కఱచిపట్టు అడుగుభాగమును లేదు. దాని వెనుకప్రక్కన మోటారు పెట్టినచో అది తన చుట్టు తాను తిరుగును. పుట్టివారు తెడ్డును ముందుప్రక్కన వేసి నీటిని తమవైపు లాగుకొనుచు పోవుట చూచినవారికి దీని పరిష్కారము తోచకమానదు: మోటారునుకూడ ముందుప్రక్కన పెట్టి పడవను లాగించవలెను. అయినను, తడిసిన వెదురు అంచు మోటారు బరువును చిరకాలము ఓర్వలేదు గనుక, పుట్టికి మోటారు తాత్కాలికోపాయమే. థర్మోకోలు దిమ్మెలను కట్టి చేసిన తెప్పకైతే మోటారు పెట్టనేకూడదు.

పడవ సమతౌల్యము అన్నిటికంటె ముఖ్యము. నడపువాడు 65 కిలోలు, మోటారు 10 కిలోలు, సీసపు బ్యాటరీ 30 కిలోలు. ఈ మూడును వెనుకనే చేరినచో పడవ ముక్కు పైకి లేచి, చిన్న గాలికే తిరిగిపోవును. కావున బ్యాటరీని పడవ ముందుభాగమున, అడుగుననే, కదలకుండ పట్టీలతో కట్టి, తీగెను వెనుకకు తేవలెను. బ్యాటరీని పీటమీద పెట్టుట మిక్కిలి తప్పు. పడవ ఒరిగినప్పుడు ఆ బరువు ఒరుగుదలను పెంచునేగాని తగ్గింపదు.

తీగెలు, రక్షణ

12 వోల్టులవద్ద 50 ఆంపియర్లు పోవు తీగె, ఇంటి గోడలోని తీగెవంటిది గాదు. బ్యాటరీనుండి మోటారునకు 2 మీటర్లు దూరమున్నచో, పోకకు రాకకు కలిసి 4 మీటర్ల తీగె. అది 6 చదరపు మిల్లీమీటర్ల రాగితీగె యైనచో అర వోల్టునకు పైగా దారిలోనే పోయి, తీగె వెచ్చబడును. 16 చదరపు మిల్లీమీటర్లదైనచో సుమారు 0.2 వోల్టు మాత్రమే పోవును. బ్యాటరీని ముందుకు జరిపి దూరము పెంచినప్పుడు తీగెను ఇంకను లావు చేయవలెను. బ్యాటరీ ధనాగ్రమునుండి జానెడు దూరములోనే ఒక ఫ్యూజుగాని బ్రేకరుగాని ఉండవలెను. ఇచ్చట పెక్కుమంది చేయు పొరపాటు ఏమనగా, ఇంటి మీటరు పెట్టెలోని ఎమ్‌సీబీనే తెచ్చి తగిలింతురు. ఇంటి విద్యుత్తు సెకనుకు నూఱుసార్లు సున్నకు వచ్చుచుండుటచే దానిలో పుట్టిన మెఱపు ఆఱిపోవును. బ్యాటరీ విద్యుత్తు ఎప్పుడును సున్నకు రాదు. మెఱపు నిలిచి, బ్రేకరు లోపలనే కరగి అతుక్కొనిపోవచ్చును. కావున డీసీకై చేసిన బ్రేకరును మాత్రమే వాడవలెను. నడపువాని మణికట్టునకు తగిలించుకొను తాడు కొన లాగబడగానే మోటారు ఆగు ఏర్పాటు ఉండుట, ఒంటరిగా పోవువానికి ప్రాణరక్షకము; మనిషి నీటిలో పడినపుడు పడవ వానిని వదలి పోకుండును.

ఇంటిలో ఇన్వర్టరుకు వాడు ట్యూబులర్ బ్యాటరీలు మన నగరమున సులభముగా దొరకును గనుక చాలమంది వాటినే పడవకు తెత్తురు. అవి పనిచేయును. కాని వాటి శక్తిలో సగముకంటె ఎక్కువ వాడినచో వాటి ఆయుస్సు త్వరగా తీరును. పడవ ఊగినప్పుడు ఆమ్లము చిందవచ్చును. చార్జి చేయునప్పుడు హైడ్రోజన్ వాయువు పుట్టును గనుక మూతపెట్టిన గదిలో చార్జి చేయరాదు. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ దాని బరువులో మూడవవంతునుండి సగమువఱకే యుండి, తన శక్తిలో నాలుగింట మూడువంతులకు పైగా ఇచ్చును. విద్యుత్ ఆటోలు పెరిగినకొలది దాని మరమ్మతు తెలిసినవారును పెరిగిరి. దానితో నొక చిక్కున్నది. సీసపు బ్యాటరీ నిండుగా నున్నప్పుడు 12.7 వోల్టులు, సగమైనప్పుడు సుమారు 12.1 వోల్టులు చూపి తన స్థితిని తానే చెప్పును. లిథియం బ్యాటరీ దాదాపు అడుగంటువఱకు ఒకే వోల్టేజి చూపి, తటాలున ఆగిపోవును. కావున ఎంత విద్యుత్తు పోయినదో లెక్కించు మీటరు దానికి అవసరము. పోవుటకు మూడవవంతు, వచ్చుటకు మూడవవంతు, ఎదురుగాలికి మూడవవంతు అను నియమము పడవవారందఱికిని శ్రేయస్కరము. తెడ్డు పడవలోనే యుండవలెను.

శంషాబాదు ప్రాంతపు ఎండ వేసవిలో 40 డిగ్రీలు దాటును. ఆ వేడిమి బ్యాటరీకి చేటైనను, సౌరఫలకమునకు కావలసిన వెలుతురును ఇచ్చునది ఆ యెండయే. 100 వాట్ల ఫలకము ఇచ్చట మంచిరోజున 400 వాట్-గంటల వఱకు ఇయ్యగలదు. మన లెక్కలోని పడవకు అది రెండుగంటల ప్రయాణము. ఫలకమును పడవపై కప్పుగా కట్టినచో గాలికి తెరచాపవలె పట్టి పడవను ప్రక్కకు నెట్టును గనుక, దానిని రేవునందు నిలుపుట మేలు.

నీటిలో నడపుట

చేపలు పట్టువారికి విద్యుత్ మోటారువలన కలుగు గొప్ప ఉపకారము వెనుకకు నడచుట. వలను వదలునప్పుడు ఒకచేత పిడి పట్టి, అతి నెమ్మదిగా వెనుకకు పోవుచు, రెండవచేత వలను జార్చుచు, ఒక్కరే పని చేసికొనవచ్చును; గడవేయుటకు రెండవ మనిషి అక్కఱలేదు. ఈ పనిలోనే ఆపదయు నున్నది. వదులైన నైలాను దారము ప్రొపెల్లరుకు చుట్టుకొన్నప్పుడు మోటారు కొంచెము మూలిగి, విద్యుత్తు ఎక్కువ లాగును. అంతే, వేఱొక సూచన యుండదు. అప్పుడు వెంటనే ఆపి, బ్యాటరీ తీగెను విప్పి, మోటారును పైకెత్తి, కొననున్న నట్టును విప్పవలెను. ప్రొపెల్లరును ముందుకు లాగినంతనే దాని వెనుక ఇరుసును అడ్డముగా గ్రుచ్చియున్న చిన్న పిన్ను కనబడును. గుండుకు తగిలినప్పుడు మోటారును కాపాడుటకై తాను విఱుగునది ఇదియే. ఆ పిన్నుకును మోటారు మూతికిని నడుమ దారము గట్టిగా చుట్టుకొని, రబ్బరు సీలును కోయుచుండును. దానిని కత్తితో పైనుండి కోయక, కొనను వెదకి విప్పవలెను. కత్తి సీలును తాకినచో నీరు లోపలికి పోయి మోటారు చుట్ట కాలును. పిన్నులు రెండు, నట్టు ఒకటి, ఒక పానా, పడవలో ఎప్పుడును ఉండవలెను.

గుర్రపుడెక్క పెరిగిన చెరువులలో మామూలు ప్రొపెల్లరు పనికిరాదు. రెక్కలు వెనుకకు వంగి, నాచును జార్చివేయునట్టి ప్రత్యేకమైన ప్రొపెల్లరు దొరకును. అదియు చిక్కువడినప్పుడు వెనుకకు త్రిప్పిన చాలవఱకు విడివడును. దట్టమైన డెక్కలో దూరుటకు మాత్రము ఏ మోటారును పనికిరాదు. అచ్చట గడయే శరణ్యము.

స్వయముగా మోటారు తయారుచేసికొన దలచువారికి ఒక మాట. నీటిలో మునుగు మోటారుకు నీరు చొరకుండ సీలు చేయుట ఇంటిపనివారికి సాధ్యము గాదు. దానికంటె, విద్యుత్ స్కూటరులోని బ్రష్‌లేని మోటారును నీటిపైననే యుంచి, పొడవైన గొట్టములోనుండి పోవు ఇరుసుకొనకు ప్రొపెల్లరును బిగించుట మేలు. థాయిలాండులో పెట్రోలు ఇంజన్లతో నిట్టి పడవలు కాలువలన్నిట తిరుగును. మోటారు చేతికందునంత దూరములో నుండును. లోతు తగ్గినప్పుడు కొనను ఎత్తుకొనవచ్చును. ఊరిలో మోటార్లు చుట్టువాడే దానిని బాగుచేయగలడు.

కొల్లేటివంటి పక్షుల నెలవులలో ఈ నిశ్శబ్దయంత్రమునకు వేఱొక ప్రయోజనము కలదు. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరిన ఆ సరస్సునందు, ఆటపాక వంటి చోట్ల గూడబాతులు గూళ్ళు కట్టుకొను కాలమున ఇంజను చప్పుడు మిక్కిలి కీడు. దోనెకు చిన్న విద్యుత్ మోటారును అమర్చి, గంటకు 3 కిలోమీటర్ల వేగముతో పోవుచు పక్షులను చూపుట, చూచువారికిని చూడబడువానికిని హితము.

వఱదలలో

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి కుండపోత వర్షము కురియగా, పల్లెచెరువు పొంగి మైలార్‌దేవ్‌పల్లి పరిసరములందలి కాలనీలను ముంచినది, గగన్‌పహాడ్‌వద్ద అప్పచెరువు తెగి బెంగుళూరు రాజమార్గము కొట్టుకొనిపోయినది, ప్రాణనష్టము జరిగినది. ఆ రోజులలో వీధులలో పడవలు తిరుగుట చూచిన పిమ్మట, చిన్న విద్యుత్ పడవలు రక్షణకార్యమునకు పనికివచ్చునా యని అడుగువారున్నారు. చెరువు తెగినప్పటి ప్రవాహము సెకనుకు 3 మీటర్లు దాటినచో, అది గంటకు 11 కిలోమీటర్లకు సమానము. మనము పైన చెప్పిన పడవ హద్దునకు మించినది. అట్టి నీటిలో చిన్న విద్యుత్ మోటారును నమ్ముట ప్రాణములతో చెలగాటము. ప్రవాహము ఆగి, నీరు నిలిచియున్న వీధులలో మాత్రము, మందులు, పాలు చేరవేయుటకును, వృద్ధులను తీసికొనివచ్చుటకును అది మిక్కిలి ఉపయోగకరము. పొగ లేదు, ఇంటి గుమ్మమువఱకు పోయినను కేకలు వినబడును. తెగిన కరెంటు తీగెలు నీటిలో పడియుండు భయమున్నచో మాత్రము ఏ పడవయును పోరాదు. ఇక లైఫ్ జాకెట్టు విషయమున రాజీ లేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరువద్ద రాయల్ వశిష్ఠ మునిగిన దుర్ఘటనము తరువాతకూడ, మన చెరువులలో జాకెట్టు లేకయే పడవ ఎక్కువారిని చూచుట బాధాకరము. చెరువు చిన్నదని నీరు దయ చూపదు.

కాపాడుట

నీటినుండి తీసిన తరువాత మోటారును మంచినీటితో కడిగి, ప్రొపెల్లరును విప్పి దారపు పోగులు లేకుండ చూచి, ఇరుసుకు గ్రీజు రాయవలెను. నీటిలో మునుగు మోటారు నీటిచేతనే చల్లబడును గనుక, గట్టుమీద ఎక్కువసేపు త్రిప్పరాదు. తీగెల కొనలపై పచ్చని తుప్పు కనబడినచో గీచి, వాజలైను పూయవలెను. సీసపు బ్యాటరీలో డిస్టిల్డు నీరు తగ్గకుండ చూచి, ఎల్లప్పుడును నిండుగా చార్జిచేసి యుంచవలెను. లిథియం బ్యాటరీ దీనికి విరుద్ధము: చేపలవేట ఆగిన నెలలలో దానిని సగము నిండుగా, నీడపట్టున, నియంత్రకముతో సంబంధము తెంచి ఉంచి, రెండు నెలలకొకసారి పరీక్షించిన చాలును.